ఒజావా ఓడిన దావా

గెలిచినవాళ్ళ జీవితచరిత్రలు మన లైబ్రరీలో బీరువాల నిండా ఉన్నాయి. ఓడినవాళ్ళవి మాత్రం వెతుక్కోవాలి. నేనిక్కడ చెప్పబోయే మనిషి ఓడినవాడు. ఆయన యుద్ధాలు చేయలేదు, పార్టీలు పెట్టలేదు, మహాసభల్లో ఉపన్యాసాలు దంచలేదు. భార్యాబిడ్డలతో, ఒక కంపెనీ ఉద్యోగంతో, నలుగురిలో ఒకడుగా బతికాడు. జీవితంలో ఒకే ఒక్క దావాకోసం ఎనిమిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అయినా సరే, ఆ దేశపు పౌరసత్వ చరిత్ర చదవబోయిన వాళ్ళకు ఆయన పేరు తగలక తప్పదు. ఆ పేరు తకావో ఒజావా.

రాజనీతిశాస్త్రం విద్యార్థినైన నాకు ఈ పేరు మొదట ఒక పుస్తకంలో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో కనిపించింది. అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక దేశంలో పుట్టనివాడు ఆ దేశం నాదేనని చెప్పుకోవాలంటే ఏం చేయాలి? భాష నేర్చుకోవాలా? చట్టానికి లోబడి నడుచుకోవాలా? కష్టపడి పనిచేయాలా? పదిమందిలో మంచివాడనిపించుకోవాలా? ఒజావా ఇవన్నీ చేశాడు. ఒకటికి రెండుసార్లు చేశాడు. అయినా అవి లెక్కలోకి రావన్నారు. ఎందుకలా అన్నారో తెలుసుకుందామని వెతికితే ఈ కథ బయటపడింది.

ఒజావా 1875 జూన్ 15న జపాన్‌లోని కనగావా ప్రాంతంలో పుట్టాడు. 1894లో, అంటే మనలో చాలామంది డిగ్రీ చదివే వయసులో, పసిఫిక్ మహాసముద్రం దాటి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. ఆ రోజుల్లో అలా దాటినవాడు ఆయన ఒక్కడే కాదు. రెండు శతాబ్దాలకు పైగా తన మనుషుల్ని బయటికి పోనివ్వకుండా తలుపులు బిగించుకున్న జపాన్, పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ తలుపులు తెరిచింది. 1873లో కొత్త భూమిశిస్తు వచ్చింది. పంట పండినా ఎండినా శిస్తు నగదుగా కట్టాల్సిందే. అప్పులపాలైన రైతుకుటుంబాల కుర్రాళ్ళు సముద్రంవైపు చూశారు. 1885 నుంచి హవాయి చెరకుతోటలకు ఒప్పందం మీద కూలీలు ఓడలెక్కారు. ఇంకొందరు నేరుగా కాలిఫోర్నియాకు పోయారు.

కాలిఫోర్నియాలో పనికి కొదవలేదు. అంతకుముందు రైలుపట్టాలు పరిచినవాళ్ళు, తోటల్లో పనిచేసినవాళ్ళు చైనావాళ్ళు. వాళ్ళు కూలిరేట్లు పడగొడుతున్నారని గోలపెట్టి, 1882లో చట్టం చేసి చైనా కూలీలకు తలుపు మూశారు. తలుపైతే మూశారు గానీ పళ్ళు కోసేదెవరు? రంపపుమిల్లుల్లో దుంగలు మోసేదెవరు? ఆ ఖాళీలోకి జపాన్‌వాళ్ళు వచ్చారు. వీళ్ళనే ఇస్సే అంటారు, మొదటితరం వాళ్ళని అర్థం. మొదట్లో పనిమంతులని మెచ్చుకున్నారు. వాళ్ళు కూలి పెంచమని అడగడం, కౌలుకు భూములు తీసుకోవడం మొదలుపెట్టగానే మెప్పు కాస్తా దెప్పుగా మారింది. చైనావాళ్ళ మీద వేసిన నిందలే పేరు మార్చి వీళ్ళ మీద వేశారు.

ఒజావా మాత్రం చదువు పట్టుకున్నాడు. తన ఖర్చులు తానే సంపాదించుకుంటూ దాదాపు పదకొండేళ్ళు అమెరికా బడుల్లో చదివాడు. బర్కిలీ హైస్కూలు పూర్తిచేసి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి మూడేళ్ళు చదివాడు. పట్టా మాత్రం చేతికి రాలేదు. అక్కడుండగానే, 1902లో, అమెరికా పౌరుణ్ణి కాదలచుకున్నానని తొలి కాగితం దాఖలు చేశాడు. అప్పటికి ఆయన వయసు 27. ఈ తేదీ గుర్తుంచుకోండి. ఆ కాగితానికి చివరి జవాబు రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఈలోగా శాన్‌ఫ్రాన్సిస్కో గాలి మారింది. 1905లో కార్మికసంఘాల వాళ్ళే ముందునిలిచి జపాన్, కొరియా వాళ్ళను వెళ్ళగొట్టడానికి ఒక లీగు స్థాపించారు. కార్మికుడికి కార్మికుడే శత్రువు కావడం మనకు వింతగా ఉంటుంది. కానీ ఆకలికి రంగు పులిమితే జరిగేది అదే. 1906 ఏప్రిల్ 18న పెద్ద భూకంపం వచ్చి నగరం కూలిపోయింది, కాలిపోయింది. జపాన్ నుంచి పెద్దమొత్తంలో విరాళాలు వచ్చాయి. ఆ బూడిద ఇంకా ఎత్తిపోయకముందే, అదే ఏడాది అక్టోబరు 11న, నగర పాఠశాలల బోర్డు జపాన్ పిల్లలంతా మామూలు బడులు మానేసి ఆసియావాళ్ళకోసం పెట్టిన ప్రత్యేక బడికి పోవాలని ఉత్తర్వు వేసింది. ఇంత రాద్ధాంతానికి కారణమైన పిల్లలు ఎందరనుకున్నారు? నగరం మొత్తంమీద 93 మంది!

ఈ గొడవ రెండు ప్రభుత్వాల మధ్య తగాదాగా ముదిరింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ ఉత్తర్వును బాహాటంగా తప్పుపట్టాడు. జపాన్‌వాళ్ళకు పౌరసత్వం ఇచ్చే చట్టం చేయమని కూడా కాంగ్రెసుకు సలహా ఇచ్చాడు. కాంగ్రెసు ఆ సలహా చెవిన పెట్టలేదు. చివరికి 1907-08లో ఒక పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. బడుల ఉత్తర్వును వెనక్కి తీసుకుంటారు, దానికి బదులు జపాన్ ప్రభుత్వమే కొత్త కూలీలకు పాస్‌పోర్టులివ్వడం మానేస్తుంది. పిల్లలు బడికి పోయారు గానీ పెద్దలకు దారి మూసుకుపోయింది.

ఆ 1906లోనే ఒజావా చదువు మధ్యలో ఆపి హవాయి ద్వీపాలకు, హోనొలులు నగరానికి తరలిపోయాడు. ఒక అమెరికన్ కంపెనీలో ఉద్యోగం. అక్కడే పెళ్ళి, అక్కడే సంసారం. ఆ కాలంలో చాలామంది ఇస్సేలు స్వదేశం నుంచి ఫోటోలు తెప్పించుకుని, సంబంధం కుదుర్చుకుని, వధువు ఓడ దిగాక మొదటిసారి మొహం చూసేవారు. ఒజావా అలా చేయలేదు. అమెరికా బడుల్లో చదువుకున్న అమ్మాయినే కావాలని చేసుకున్నాడు. ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడేవారు. పిల్లలకు జపాన్ భాష రాలేదు. వాళ్ళను అమెరికన్ చర్చికీ అమెరికన్ బడికీ పంపేవాడు. జపాన్‌వాళ్ళ సంఘాల్లో చేరలేదు. నియమం ప్రకారం పెళ్ళినీ పిల్లల పుట్టుకనూ జపాన్ కాన్సలు కచేరీలో నమోదు చేయించాలి. ఆయన అదీ చేయలేదు. తాగుడు, పొగ, జూదం జోలికి పోలేదు.

చదువుతుంటే నాకు ఒకపక్క గౌరవం, ఇంకోపక్క బాధ కలిగాయి. ఒక మనిషి తనలోని ఒక్కొక్క గది తాళం వేసుకుంటూ పోయి, చివరికి ముందుగదిలో అతిథిలా కూర్చున్నట్లనిపించింది. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు చట్టం సంగతి చూడాలి.

అమెరికా స్వతంత్రం పొందిన కొత్తల్లో, 1790లో, విదేశీయులకు పౌరసత్వమిచ్చే మొదటి చట్టం వచ్చింది. స్వతంత్రులైన తెల్లవాళ్ళకు మాత్రమే ఆ హక్కు ఉంటుందని అందులో రాశారు. తెల్లవాడంటే ఎవరో మాత్రం రాయలేదు. రాయనక్కరలేదనుకున్నారు కాబోలు. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయ్యాక, 1870లో ఆఫ్రికాలో పుట్టినవారికీ ఆఫ్రికా సంతతివారికీ కూడా ఆ హక్కు చేర్చారు. అంటే పరాయిదేశస్థుడు తెల్లవాడైతే పౌరుడు కావచ్చు, నల్లవాడైతే కావచ్చు. మరి రెండూ కాని ఆసియావాడి సంగతి? చైనావాళ్ళను 1882 చట్టం పేరుపెట్టి మరీ కాదంది. జపాన్‌వాళ్ళ పేరు ఏ చట్టంలోనూ లేదు. అందుకే కొన్నిచోట్ల గుమాస్తాలు, జడ్జీలు తోచినట్టు చేశారు. కొన్ని వందలమంది జపాన్‌వాళ్ళకు పౌరసత్వం దొరికింది కూడా. 1906 వచ్చేసరికి ఇకమీదట ఇవ్వవద్దని ప్రభుత్వం పైనుంచి చెప్పింది.

పౌరసత్వం లేకపోతే ఏం పోయింది, ఉద్యోగముంది, ఇల్లుంది, హాయిగా బతకొచ్చు కదా అని మీరనవచ్చు. అక్కడే ఉంది కిటుకు. 1913లో కాలిఫోర్నియా ఒక భూమి చట్టం చేసింది. అందులో జపాన్ అన్న మాటే ఉండదు. పౌరసత్వానికి అర్హతలేని విదేశీయులు వ్యవసాయభూమి కొనకూడదు, మూడేళ్ళకు మించి కౌలుకు తీసుకోకూడదు, అంతే. రాళ్ళభూమినీ, చిత్తడినేలనూ బాగుచేసి ద్రాక్ష, స్ట్రాబెర్రీ, బంగాళదుంప పండించిన రైతు ఆ ఒక్క ముక్కతో కాళ్ళకింద నేల లేనివాడయ్యాడు. కొందరు అమెరికాలోనే పుట్టి పౌరులైన తమ పసిపిల్లల పేరుమీద భూములు కొన్నారు. 1920లో చట్టాన్ని ఇంకా బిగించి ఆ సందునీ, కౌలునీ మూయబోయారు. చూడండి, ఎవరి పేరూ ఎత్తకుండానే ఒక జనాన్ని మొత్తంగా కట్టిపడేశారు. ఆ ముడి పడ్డది అర్హతలేని అన్న ఒక్క మాట దగ్గర. ఆ ముడిని విప్పాలంటే ఎవరో ఒకరు కోర్టుకెక్కి, జపాన్‌వాడికి అర్హత ఉందని గెలవాలి.

1914 అక్టోబరు 16న హోనొలులులోని ఫెడరల్ కోర్టులో ఒజావా దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆయన ఆ దేశం వచ్చి ఇరవయ్యేళ్ళు. మొదట్లో ఆయన వెనక ఏ సంఘమూ లేదు. కేసుకు కావలసిన వాదన తానే రాసుకున్నాడు. పాత చట్టాలు, పాత తీర్పులు, ప్రపంచ జాతుల మీద పండితులు రాసినవి చదివి కాగితాలు నింపాడు. అందులో తన జీవితం కూడా రాశాడు. తన ఇల్లు, తన చదువు, తన పిల్లల మాట, అన్నీ సాక్ష్యాలుగా పెట్టాడు. అమెరికా విప్లవకాలంలో బెనిడిక్ట్ ఆర్నాల్డ్ అని ఒక సేనాని ఉండేవాడు. పుట్టుకతో అమెరికన్, చేతలతో ద్రోహి, శత్రువులైన ఆంగ్లేయుల పక్షం చేరాడు. ఒజావా ఆయనతో తనను పోల్చుకున్నాడు. ఆ సేనానికి పేరుకు అమెరికా దక్కింది గానీ మనసులో అది లేదు. తనకు పేరుకు దక్కలేదు గానీ మనసంతా అదే. దీనికి ఏ జడ్జీ ఏం జవాబు చెప్పగలడు?

జవాబు చెప్పనక్కరలేదనుకున్నారు. 1916లో హోనొలులు కోర్టు దరఖాస్తు కొట్టేసింది. ఆయన గుణగణాలకు వంకపెట్టలేదు సరిగదా, అన్ని విధాలా యోగ్యుడేనని ఒప్పుకుంది. యోగ్యుడే గానీ తెల్లవాడు కాడు, కాబట్టి కుదరదు. ఒజావా పై కోర్టుకు పోయాడు. వాళ్ళు 1917లో ఇది తాము తేల్చదగ్గది కాదని, ప్రశ్నను సుప్రీంకోర్టుకు నివేదించారు. అక్కడ అయిదేళ్ళు నానింది. మొదటి ప్రపంచయుద్ధం, తర్వాత వాషింగ్టన్‌లో నౌకాబలాల మహాసభ. జపాన్ అప్పుడు మిత్రరాజ్యం, నొప్పించరాని చుట్టం. అలాంటి సమయంలో ఈ కేసు తేల్చడం ఎవరికీ ఇష్టంలేకపోయింది.

పసిఫిక్ తీరంలోని జపాన్‌వాళ్ళ సంఘాలు కూడా మొదట తటపటాయించాయి. గెలిస్తే అందరూ గెలుస్తారు నిజమే, ఓడితే అందరి తలుపూ శాశ్వతంగా మూసుకుంటుంది. కానీ ఎటూ కేసు ఆ మెట్టుదాకా వచ్చేసింది. ఒజావా కంటే మచ్చలేని మనిషి ఎక్కడ దొరుకుతాడు? పరీక్షదావాకు ఇంతకంటే మంచి కక్షిదారు లేడని వాళ్ళూ చేతులు కలిపారు. అమెరికా మాజీ అటార్నీ జనరల్ జార్జ్ వికర్‌షామ్‌ను వకీలుగా పెట్టారు.

1922 అక్టోబరు 3, 4 తేదీల్లో వాదనలు జరిగాయి. ఒజావా పక్షాన మూడు మాటలు చెప్పారు. 1906లో వచ్చిన కొత్త పౌరసత్వ చట్టంలో తెల్లవాడన్న షరతు లేదు, కాబట్టి పాత షరతు వర్తించదన్నది మొదటిది. 1790లో ఆ మాట వాడినవాళ్ళ ఉద్దేశం నల్లవాళ్ళనూ అమెరికా ఆదివాసులనూ బయట ఉంచడమే, వాళ్ళ తలంపులో జపాన్ లేనేలేదన్నది రెండోది. మూడోది, అసలు చర్మం రంగు చూస్తే చాలామంది జపాన్‌వాళ్ళు ఇటలీ, స్పెయిన్ దేశస్థులకంటే తెల్లగానే ఉంటారని.

1922 నవంబరు 13న తీర్పు వచ్చింది. జడ్జీలందరిదీ ఒకే మాట. రాసినవాడు జార్జ్ సదర్లాండ్. ఆయన ఆ కోర్టులో చేరి అప్పటికి కొద్దివారాలే అయింది. చర్మం రంగుతో తేల్చడం కుదరదు, ఒకే జాతిలో ఎన్నో ఛాయలుంటాయి, తెల్లవాడంటే కాకసియన్ జాతివాడు అన్నాడు. జపాన్‌వాళ్ళు కాకసియన్‌లు కారు. కాబట్టి ఒజావాకు అర్హతలేదు. జపాన్‌వాళ్ళ సంస్కృతిని కించపరచడం తమ ఉద్దేశం కాదని కూడా మర్యాదకు ఒక మాట కలిపాడు. ఈ సదర్లాండ్ ఎక్కడ పుట్టాడో తెలుసునా? ఇంగ్లండులో! చంటిబిడ్డగా అమ్మానాన్నల వెంట ఓడలో వచ్చాడు. బయటినుంచి వచ్చి సుప్రీంకోర్టు పీఠమెక్కిన ఒకడు, బయటినుంచి వచ్చి ఇరవయ్యెనిమిదేళ్ళు కాపురమున్న ఇంకొకడితో, నువ్వు పరాయివాడివని చెప్పాడు.

అదే రోజు అదే కోర్టు ఇంకో కేసు కూడా కొట్టేసింది. అది తకూజీ యమషిటాది. ఆయన 1902లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకున్నాడు. బారు పరీక్ష ప్యాసయ్యాడు. అయినా పౌరుడు కాలేనివాడు వకీలు కాలేడన్నారు. ఆ రాష్ట్రపు భూమి చట్టం మీద మళ్ళీ పోరాడి 1922లో రెండోసారి ఓడిపోయాడు. హోటళ్ళు నడుపుకుని బతికాడు, 1959లో పోయాడు. 2001లో, ఆయన పోయిన నలభైరెండేళ్ళకు, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన్ను గౌరవంగా బారులో చేర్చుకుంది. పట్టా చేతబట్టుకుని బయటికి పోబోతున్న మనం ఈ మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోవాలి.

ఇక మనవాళ్ళకు సంబంధించిన ముక్క. ఒజావా తీర్పు వచ్చిన మూడునెలలకు, 1923 ఫిబ్రవరి 19న, భగత్‌సింగ్ థింద్ కేసు తేలింది. అమృత్‌సర్ ప్రాంతం వాడు, 1913లో అమెరికా వెళ్ళాడు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. కాకసియనే తెల్లవాడని మీరే అన్నారు కదా, ఉత్తరభారతం వాళ్ళు కాకసియన్‌లని పండితులు రాశారు కదా, కాబట్టి నేనూ తెల్లవాణ్ణే అన్నాడు. లెక్కప్రకారం గెలవాలి. మళ్ళీ తీర్పు రాసింది సదర్లాండే. ఈసారి పండితుల మాట పనికిరాదన్నాడు. మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో వాడే తెల్లవాడు, భారతీయుణ్ణి ఎవరూ అలా అనరు అన్నాడు. ఒజావా దగ్గర శాస్త్రం చూపించి కాదన్నారు. థింద్ దగ్గర శాస్త్రాన్ని పక్కనపెట్టి కాదన్నారు. కొలబద్ద మారింది, కొలత ఫలితం మాత్రం మారలేదు. ఆ తర్వాత అంతకుముందు పౌరసత్వం పొందిన పదులమంది భారతీయుల దగ్గర దాన్ని లాక్కోవడానికి ప్రభుత్వం కేసులు పెట్టింది. వాళ్ళలో ఒకడైన శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

థింద్ కేసులో మనం తలవంచుకోవలసిన సంగతి కూడా ఉంది. తాను అగ్రకులంవాడినని, ఆర్యరక్తం కలుషితం కాకుండా కులం కట్టుబాట్లు కాపాడాయని, మీరు నీగ్రోలను దూరంపెట్టినట్టే మా అగ్రకులాలు కిందివాళ్ళను దూరంపెడతాయని ఆయన తరఫున వాదించారు. వెలివేస్తున్నవాడి దగ్గరకు పోయి, నేనూ నీలాగే వెలివేసేవాణ్ణే, నన్ను చేర్చుకో అన్నట్టు! చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. అన్యాయానికి గురైనవాడు అన్యాయం తెలిసినవాడు కానక్కరలేదన్నమాట.

మళ్ళీ ఒజావా దగ్గరికి వద్దాం. ఆయన ఓటమి ఆయనొక్కడితో ఆగలేదు. 1924లో కొత్త వలస చట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హతలేని విదేశీయులకు దేశంలోకే ప్రవేశంలేదన్నారు. ఎవరికి అర్హతలేదో రెండేళ్ళకిందటే కోర్టు తేల్చిపెట్టింది కదా! పెద్దమనుషుల ఒప్పందం చెత్తబుట్టలోకి పోయింది. జపాన్‌లో జనం దీన్ని జాతికి జరిగిన అవమానంగా భావించి మండిపడ్డారు. ఆ మంట మీద అక్కడి యుద్ధపిపాసులు చలికాచుకున్నారు.

ఒజావా హోనొలులులోనే ఉండిపోయాడు. అలిగి జపాన్ వెళ్ళిపోలేదు. తనను వద్దన్న దేశంలోనే, ఆ దేశపు పౌరులైన తన పిల్లల మధ్య, 1936 నవంబరు 16న, 61వ ఏట కన్నుమూశాడు. విచిత్రమేమంటే అదే 1936లో థింద్‌కు, యుద్ధంలో పనిచేసినవాళ్ళకోసం వచ్చిన ప్రత్యేక చట్టంకింద, ఎట్టకేలకు పౌరసత్వం దక్కింది.

1942 సంగతులు చూడకుండా ఒజావా పోవడం ఒకవిధంగా మంచిదే అయింది. పెర్ల్‌హార్బరు మీద జపాన్ దాడి తర్వాత, పశ్చిమతీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్ళను, ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ చూడకుండా, ముళ్ళకంచెల వెనక శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో మూడింట రెండువంతులమంది అమెరికాలో పుట్టిన పౌరులు. మిగిలిన పెద్దలు కావాలనుకున్నా పౌరులు కావడానికి వీల్లేనివాళ్ళు. పౌరసత్వం ఇవ్వనన్నదీ వాళ్ళే, పౌరులు కాలేదు గనక నమ్మలేమన్నదీ వాళ్ళే. ఒజావా ఉండుంటే, ఇంగ్లీషు మాట్లాడే ఇల్లు, చర్చికి పోయే పిల్లలు, ఇవేవీ ఆ అనుమానాన్ని ఆపేవి కావని ఆయనకు తెలిసివచ్చేది.

1790 నాటి ఆ రంగు షరతు 1952లో పూర్తిగా పోయింది. నూట అరవైరెండేళ్ళు బతికిన షరతు! భారతీయులకు అంతకుముందే, 1946లో, దారి తెరిచారు. 1952 తర్వాత డెబ్భై, ఎనభై ఏళ్ళు పైబడ్డ ఇస్సే ముసలివాళ్ళు కూడా పాఠాలు నేర్చుకుని, ప్రమాణం చేసి పౌరులయ్యారు. శిబిరాల్లో పెట్టినందుకు 1988లో అమెరికా ప్రభుత్వం చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, అప్పటికి బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. ఇక 1965లో దేశాలవారీ పాత కోటాలు ఎత్తేశాకే మన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్దసంఖ్యలో ఆ గడ్డమీద అడుగుపెట్టారు. మనవాళ్ళు నడిచిన బాట మీద ముందు రాళ్ళు ఏరినవాళ్ళలో, మనం పేరు కూడా వినని ఒజావాలున్నారు.

ఇప్పుడు ఇందాక వాయిదావేసిన మాట. నాకు ఒజావాతో ఒక పేచీ ఉంది. పిల్లలకు అమ్మభాష రాకుండా చేయడం ఒక అర్హత అవుతుందా? అసలు తెల్లవాడికే హక్కు ఉండాలన్న గీత తప్పు అనకుండా, నేనూ గీతకు లోపలే ఉన్నానని వాదించడం సరైనదేనా? ఇలా అడగడం ఈనాడు నాకు తేలిక. ఆయన చేతిలో ఉన్నది ఆ చట్టం ఒక్కటే. దాని గుమ్మంలో నిలబడి, దాని భాషలోనే మాట్లాడాలి. అయినా అడగకుండా ఉండలేను. ఎందుకంటే ఆయన కథ తేల్చిన నిజం ఇదే. పుట్టుకనుబట్టి మనుషుల్ని ఏరే చట్టం దగ్గర, మంచితనం ఎంత పోగుచేసినా చెల్లుబాటు కాని నాణెమే. లోపం దరఖాస్తు పెట్టుకున్నవాడిలో లేదు, దరఖాస్తు ఫారంలో ఉంది.

మా పెద్దనాన్నగారి అబ్బాయి అమెరికాలో పదమూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. పుట్టిన దేశాన్నిబట్టి కట్టిన గ్రీన్‌కార్డు క్యూలో ఇంకా నిలబడే ఉన్నాడు. ఆనాటి రంగు షరతుకూ ఈనాటి క్యూకూ ముడిపెట్టడం సరికాదు. అది వెలి, ఇది ఆలస్యం. కానీ మొన్న ఫోనులో ఒజావా కథ చెబితే అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆయన పిల్లలు ఏమయ్యారని అడిగాడు. పిల్లలు అక్కడే పుట్టారు గనక పుట్టుకతోనే పౌరులని చెప్పాను. పోనీలే అన్నాడు. వాళ్ళ పాపకు ఈమధ్య తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాడట.

మిత్రులారా, మనలో కొందరు రేపు విమానమెక్కి ఇంకో దేశపు గుమ్మంలో నిలబడతారు. మరికొందరు ఇక్కడే ఉండి, మన హాస్టలుకో, మన వీధికో, మన ఊరికో కొత్తగా వచ్చినవాడికి గది అద్దెకివ్వాలా వద్దా, పక్కన కూర్చోనివ్వాలా వద్దా అని తేలుస్తారు. మొదటివాళ్ళకు ఒజావా గుర్తుండాలి. రెండోవాళ్ళకు సదర్లాండ్ గుర్తుండాలి. గది అడగవచ్చినవాణ్ణి మీదే కులమని మనం అడగబోయే ముందు, ఈ ఇద్దరిలో మనం ఎవరి కుర్చీలో కూర్చున్నామో చూసుకుంటే చాలు.